తూర్పు వైపు బాణం

శనివారం పొద్దున్నే అంకయ్యగారు సున్నం బకెట్టుతో మందిరంలోకి రావడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఆయన మా చర్చి సంఘపెద్ద. చిలకలూరిపేట జిన్నింగు మిల్లులో మిషన్ల హోరు మధ్య అరిచి అరిచి రిటైరైన గొంతు.

"మహిమా! ఆ తూర్పు బాణాలు చెరిపేస్తున్నా. బైబిలు చివరున్న పటంలో లేనిది మన గోడ మీదెందుకు?"

గోడ మీద తొలినాటి సంఘాల పటం వేసింది నేనే. సండే స్కూలు టీచర్ని. అచ్చు పటంలో బాణాలన్నీ యెరూషలేము నుంచి పడమరకి, రోముకే పోతాయి. నేను తూర్పున ఎదెస్సాకీ, పర్షియాకీ, కేరళకీ కూడా గీశాను. కేరళ గీత మాత్రం చుక్కలతో వేశాను. యేసు శిష్యుడు తోమా అక్కడికి వచ్చాడన్నది నమ్మకం, రుజువు చిక్కని మాట. ఇదంతా సరదాకి గీయలేదు. బళ్ళో ఎవరో "మీది తెల్లోళ్ళ మతం" అన్నారని మా అమ్మాయి ఆరాధన రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు. తొమ్మిదేళ్ళ కూతురికి జవాబు చూపిస్తానని మాటిచ్చాను. దాని మీద సున్నం కొట్టనిస్తానా?

"పటం అచ్చువేసినవాళ్ళు చేర్చిందండీ, దేవుని వాక్యం కాదు. రేపు పెంతెకొస్తు పండగ పాఠం చదివేది మీరే కదా? ఆ రోజు యెరూషలేములో సువార్త మొదట విన్నవాళ్ళ పేర్లు ఒక్కసారి చదవండి."

నా పక్కనే నిలబడ్డ ఆరాధన ముందు కాదనలేక ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. ఏటా తడబడే చోటే మళ్ళీ తడబడ్డారు. "పార్తీయులు... మాదీయులు... ఏలామీయులు..."

"వాళ్ళ ఊళ్ళెక్కడో చూపించండి."

ఆయన వేలు పడమరంతా వెతికింది. ఆరాధన ఆ వేలు పట్టుకుని తూర్పుకి జరిపింది.

"మరి రోమోళ్ళు?" అన్నారాయన.

"ఆ తర్వాత ఉన్నారండీ. వాళ్ళూ వచ్చారు, కాదనను."

ఆయన బకెట్టు పక్కకి నెట్టేశారు. "ఇన్నేళ్ళుగా చదువుతున్నానే, వీళ్ళెక్కడోళ్ళని ఒక్కసారీ అడగలేదు. అయితే ఆ చుక్కలు మన ఊరి దాకా లాగమ్మా."

"లాగనండీ. మనకి సువార్త తెచ్చింది పడమటి నుంచి మిషనరీలొచ్చిన ఓడే. ఆ బాణం కూడా వేస్తాను. ఉన్నది ఉన్నట్టు ఉండాలి."

ఆదివారం అంకయ్యగారు ఒక్క పేరూ తడబడలేదు. పేరు పేరుకీ ఆగి, చేతికర్రతో గోడ మీద చోటు చూపించారు. కర్ర తూర్పు నుంచి రోము దాకా వచ్చేసరికి ఆరాధన నా కొంగు లాగింది.

"అమ్మా, మనవైపు వాళ్ళ పేర్లే ముందు చదివారు!" అంది, మందిరమంతా వినిపించేలా.

ఊరుకోమని నేననలేదు.