జానెడు పాత వైరు

శాంతిరాజ్ బొగ్గుగని నుంచి రిటైరై ఏళ్లు గడిచినా, ఫస్టు షిఫ్టు సైరన్ కూయగానే లేచి, స్నానం చేసి, తల దువ్వుకుని, కారు స్టార్ట్ చేసేవాడు. పోయేది ఎక్కడికీ లేదు. గోదావరిఖనిలో తన ఇంటి వాకిట్లో ఆ తెల్ల కారు కాసేపు గురగురలాడి ఊరుకునేది. పనిలేక చేస్తున్నాడని వీధిలో ఎవరూ అనలేదు. అది భార్య సుగుణమణి కోసమని అందరికీ తెలుసు.

బండి కాస్త పాతబడితే దాని పొగలో ఆ ఇంటివాళ్ల పాత రోజుల వాసన వస్తుంది కదా. ఈ బండి పొగలో వీళ్లు ఒకప్పుడు ఉన్న సెంటినరీ కాలనీ క్వార్టరు వాసన వచ్చేది. పెరట్లో బొగ్గుల పొయ్యి, దాని మీద మరిగే పప్పుచారు, గని బట్టలకు రుద్దిన బార్ సబ్బు, క్రిస్మస్ ముందు నూనెలో వేగే గులాబి పూల పిండివంట. మతిమరుపు జబ్బు పట్టి ఎక్కడెక్కడో తిరిగే సుగుణమణి మనసు, ఆ వాసన తగిలిందంటే గబగబా ఇల్లు చేరేది. వాకిట్లోకి వచ్చి, పెళ్లి ఉంగరంతో కారు టాపు మీద టక్‌టక్‌మని తట్టి, డ్యూటీ రోజుల్లోలాగే జాగ్రత్త చెప్పేది.

"రెజీనా డాడీ, పైలం."

తర్వాత మధ్యాహ్నం దాకా ఆమెకు అన్నీ గుర్తే. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన్ని తిట్టేది కూడా. ఆ తిట్లు తినడానికే ఆయన పెట్రోలు పోయించేవాడంటే నమ్మాలి.

వానలు మొదలైన వారంలో స్టీరింగు వెనక పసుపు లైటు వెలిగింది. బండి దగ్గసాగింది. పొగలో ఉత్త పెట్రోలు కంపు. సుగుణమణి గుమ్మంలోనే నిలబడి, కొంగు సర్దుకుని, మర్యాదగా అడిగింది.

"ఎవరు కావాలె సార్? మా ఆయన డ్యూటీకి పోయిండు. సాయంత్రం రాండ్రి."

గని పైకప్పు పెళపెళమన్నప్పుడు కూడా బెదరని మనిషి, ఆ పొద్దు స్టీరింగు మీద తల ఆనించి ఏడ్చాడు.

కాసిపేటలో టీచరు పని చేసే కూతురు రెజీనా ఫోన్లో విషయం వింది. "డాడీ, ఆదివారం వస్త. మమ్మీని నా దగ్గర ఉంచుకుంట. నిన్నే గుర్తుపడ్తలేదంటే ఒక్కనివి ఎట్ల సూస్కుంటవ్?" అంది. తప్పు మాటేం కాదు. ఆదివారంలోగా బండి బాగుచేయించాలని ఆయన బయల్దేరాడు.

చౌరస్తా దగ్గర రేకుల షెడ్డులో మెకానిక్ భూపాల్ కారు కింద దూరి, బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఆక్సిజన్ సెన్సర్ పోయింది కాకా. పొగగొట్టంల ఉంటది సూడు, బండికి ముక్కు అసొంటిది. షోరూంది తెప్పిద్దామా, బయటిది ఏద్దామా?"

శాంతిరాజ్‌కు బయటి సరుకంటే పడదు. బూట్ల దగ్గర్నుంచి మందుబిళ్ల దాకా కంపెనీ ఇచ్చిందే వాడిన ప్రాణం. "షోరూందే తే," అన్నాడు.

"బండికి గదే మంచిది. ప్లగ్గుతోని సహా అచ్చం గదే పీసు వస్తది. పాతది తీసుడు, కొత్తది పెట్టుడు, గంతే. గాని కాకా, కొత్త ముక్కుకు యాదులుండయి."

పక్కనే తన కారు కడిగించుకుంటున్న కామరాజు తలూపాడు. ఆయన ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే ఇంజినీరుగా రిటైరైనవాడు. "నేను షోరూమ్‌ది వేయించానండి. మైలేజీకి వంక పెట్టలేం. మా అమ్మ కాచిన నెయ్యి వాసన మాత్రం పోయింది," అని మళ్లీ టైరు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"మరి బయటిదైతే?"

"దానికి ప్లగ్గు రాదు. పాత సెన్సర్ ప్లగ్గు వైరుతోని కోసి దీనికి అతికియ్యాలె. గట్ల జానెడు పాత వైరు బండిలనే ఉంటది. గాని బయటిది ఏ ఊరి గాలి మోసుకొస్తదో చెప్పలేం. రాయమల్లు జీపుకు ఏస్తే ఎవలిదో మల్లెపూల వాసనొచ్చింది. పెండ్లాం నెల దినాలు మాట్లాడలే!"

శాంతిరాజ్ నవ్వలేదు. భూపాల్ విప్పి తీసిన సెన్సరును చేతిలోకి తీసుకున్నాడు. మసిబారి, బొటనవేలంత ఉంది. దానికి వేలాడే వైరులో ఎంత పట్టి ఉంటుంది? ఒక పొయ్యి పడుతుందా? రెండు టకటకలు పడతాయా?

"బయటిదే ఏయ్," అన్నాడు. తన నోటి నుంచి ఆ మాట రావడం ఆయనకే వింతగా ఉంది.

ఆదివారం రెజీనా వచ్చి తల్లి చీరలు బ్యాగులో సర్దింది. సుగుణమణి ఎవరి ప్రయాణమో అన్నట్టు చూస్తూ కూర్చుంది. శాంతిరాజ్ బయటికి వెళ్లి, మనసులో ప్రార్థన చేసుకుని, తాళం తిప్పాడు.

ముందుగా గుప్పుమన్నది ఆవనూనె. వెనకే ఎర్రగా కాలుతున్న రొట్టెలు, ఎన్నడూ చూడని ఏదో ఊరు. ఆయన బయటిది బయటిదేనని తనను తానే తిట్టుకుని ఇంజన్ ఆపబోయాడు. అప్పుడు ఆ రొట్టెల వెనక నుంచి, మెల్లగా, బొగ్గుల పొయ్యి రాజుకుంది. పప్పుచారు మరిగింది. బార్ సబ్బు నురగ తేలింది.

సుగుణమణి కూతుర్ని దాటుకుని వచ్చి టాపు మీద తట్టింది. టక్‌టక్.

"రెజీనా డాడీ, పైలం."

ఇన్నేళ్లూ ఆ మాట అని లోపలికి వెళ్లేది. ఈసారి కదల్లేదు. గాలి పీల్చింది.

"ఇదేం వాసన? ఎవలో రొట్టెలు కాలుస్తున్నరు."

"ఏమో, ఎక్కడిదో."

"ఇన్నేండ్లు తట్టి పంపిన. ఎటు పోతున్నవో ఒక్కనాడన్న సూసిన్నా? ఇయ్యాల నేను గూడ వస్త. డోర్ తియ్."

ఆమె ముందు సీట్లో కూర్చుని కొంగు లోపలికి లాక్కుంది. గుమ్మంలో బ్యాగు పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్న రెజీనా కనిపించింది.

"బ్యాగు ఇంట్ల పెట్టు బిడ్డా. పొద్దుగూకే వరకు వస్తం. పప్పు నానబెట్టు."

"ఎటు పోదాం?" అన్నాడు శాంతిరాజ్.

"గా రొట్టెలు కాలే దిక్కు."

శాంతిరాజ్ గేరు వేశాడు.