తొలి ప్రతి అతిథికే

చేపల వేటకు వంతులు వేసే ‘వంతు’ అనే సాఫ్ట్‌వేర్ రెండేళ్లుగా నెట్‌లో ఉంది. ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు, ఉచితంగా వాడుకోవచ్చు. వాడినవాడు మాత్రం ఇబ్రహీంపట్నంలో ఒక్కడూ లేడు. అది ఇంకా రాసిన కోడుగానే ఉంది మరి. దాన్ని నొక్కగానే నడిచే ఫైలుగా, అంటే బైనరీగా, తయారు చేయడం తెలిసింది ఇద్దరికే: హైటెక్ సిటీలో ఉద్యోగం వెలగబెడుతున్న భూపాల్‌కు, ఎంసీఏ చదివే సింధుకు. అందులో సింధు ఇంట్లో కంప్యూటరే లేదు.

తొందర మాత్రం ఆమెకే ఉంది. చెరువులో ఏ రోజు ఎవరు వల వేయాలో జలశ్రీ మత్స్యకారుల సంఘం కార్యదర్శి రమాకాంత్ తన నోటుబుక్కులో రాస్తాడు. రెండు సీజన్లుగా ఆమె తండ్రి లింగం పేరు అందులోంచి ఎందుకో జారిపోతోంది. ఆదివారంలోగా ‘వంతు’ సంఘం కంప్యూటర్‌లో నడిస్తే వంతులు దానితోనే వేద్దామని సభ్యులు ఒప్పుకున్నారు. లేకపోతే మళ్లీ నోటుబుక్కే.

భూపాల్ ఆ ఫైలును తన ఆఫీసు కంప్యూటర్లో తయారు చేసి ఒకే ఒక్క సీడీలోకి ఎక్కించుకొచ్చాడు. దాని మొదటి రిలీజు కోసం బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో నాలుగు మీటింగులు పెట్టాడు. వెర్షన్ నంబరుకు ఒకటి, ముహూర్తానికి ఒకటి. ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో ఎంతుండాలన్న దానికి రెండు పట్టాయి.

“అన్నా, సంఘం కంప్యూటర్ల ఒక్కసారి ఎక్కిచ్చి చూద్దాం,” అంది సింధు.

“ఆవిష్కరణ కాకముందే ఎక్కిస్తె ఇంగ ఆవిష్కరించేదేముంటది చెల్లె? జర ఓపిక పట్టు.”

“పోనీ, ఇంకో సీడీ అన్న తీసిపెట్టు.”

“మొదటిదంటె ఒక్కటే ఉండాలె,” అన్నాడు భూపాల్.

ఆదివారం సంఘం ఆఫీసుకు ముఖ్య అతిథి వచ్చాడు. చుట్టుపక్కల చేలను ప్లాట్లు చేసి అమ్ముతున్న పెద్దమనిషి. మెరుపు కాగితం విప్పి, సీడీని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాడు. ఫోటోలు తీశారు. శాలువా కప్పారు. తొలి ప్రతిని అతిథికే ఇవ్వడం ఆనవాయితీ కదా, భూపాల్ వంగి మరీ ఇచ్చాడు. పోతూ పోతూ కార్లో వింటానన్నాడాయన.

సింధు జనాన్ని తోసుకుంటూ బయటికి వచ్చేసరికి కారు సాగర్ రోడ్డెక్కింది.

లోపల రమాకాంత్ నోటుబుక్కు తెరిచి చదవడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు పేర్లు చదివాడు. లింగం పేరు లేదు.

“ఫికర్ చెయ్యకు కాకా,” అన్నాడు భూపాల్ లింగంతో. “కోడ్ మొత్తం నెట్ల ఉంది. అది అందరి సొత్తు.”

లింగం కూతురి వైపు తిరిగాడు.

“అందరి సొత్తయితే మన చేతికెందుకు రాలె బిడ్డా?”

సింధుకు భూపాల్ మీద, అంతకన్నా ఎక్కువగా ఓపిక పట్టిన తన మీద కోపం వచ్చింది. తండ్రి చెయ్యి పట్టుకుంది.