చిల్లుల బూట్లు

వీధి చివర సైకిళ్లకీ స్కూటర్లకీ పంక్చర్లు వేసే మేస్త్రీకి చుట్టుపక్కలవాళ్లు పెట్టిన పేరు గిల్లుడు మేస్త్రీ. కూరగాయ కొన్నా గిల్లాల్సిందే, దుప్పటి కొన్నా గిల్లాల్సిందే. పెళ్లికి అత్తవారు పెట్టిన ఉంగరాన్ని చాటుగా పంటితో కొరికి చూశాడని ఆయన భార్య ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. లోకమంతా తనకి టోపీ పెట్టడానికే పొద్దున్నే లేస్తుందని ఆయనకి గట్టి నమ్మకం.

ఆయన అనుమానించనిది ఏటినొక్కదాన్నే. సెలవు రోజున గాలం భుజాన వేసుకెళ్లి మోకాలి లోతు నీళ్లలో నిలబడితే చాలు, ప్రాణం లేచొచ్చేది. చేపలు పడే మలుపు ఎక్కడుందో కన్నతల్లికి కూడా చెప్పలేదు. అయితే పోయిన వానల్లో రబ్బరు బూట్లతో నాచు రాయి మీద కాలేసి, జారిపడి, మోకాలు పాడుచేసుకున్నాడు. భార్య ఆ రోజే తేల్చి చెప్పేసింది.

"ఇంకొక్కసారి కుంటుకుంటూ ఇంటికొచ్చారో, ఆ గాలం అటకెక్కుతుంది. మళ్లీ దించే మాటే లేదు. మంచి బూట్లు కొనుక్కుని వెళ్తానంటే వెళ్లండి. మా తమ్ముడి షాపులో ఉన్నాయట."

ఆ తమ్ముడు, అంటే మేస్త్రీ బావమరిది, చెప్పుల షాపులో పనిచేస్తాడు. బావతో కలిసి చేపలకి వెళ్లాలని వాడికి ఎప్పటినుంచో సరదా. వాడి కన్నంతా మలుపు మీదేనని మేస్త్రీ అనుమానం. చూపిస్తే ఊరంతా చాటింపు వేసేస్తాడని, ఏదో ఒక వంక పెట్టి దాటేస్తూ వచ్చాడు.

షాపులో వాడి హడావుడి అంతా ఇంతా కాదు.

"తోలువి వద్దు బావా. మాటిమాటికీ తడిస్తే పాడైపోతాయి, పైగా ధర చుక్కల్లో ఉంటుంది. మళ్లీ ఒట్టి రబ్బరువి కొన్నావో, మళ్లీ జారతావు. ఇవి చూడు. పాదం వరకు రబ్బరు పూత, పైన గట్టి గుడ్డ. అడుగు చుట్టూ కుట్టేశారు, ఒట్టి జిగురు కాదు. కింద ఉన్నిలా ఉందే, అదే నాచు మీద పట్టు ఇస్తుంది."

మేస్త్రీ కుట్టు గిల్లాడు. అడుగు గిల్లాడు. బట్టలు పిండినట్టు బూటుని మెలితిప్పాడు. చెక్కుచెదరలేదు. ధర అడిగితే మిగతావాటిలో సగం చెప్పాడు. అక్కడే మేస్త్రీకి తేడా కొట్టింది.

"ఎందుకంత చవక?"

"రంగు బావా! ఈ నారింజ రంగు ఎవరూ ముట్టుకోవడం లేదు. చేపలకి రంగుతో పనేముంది? ఇంకొక్క మాట, ఇక్కడ పక్కన చూశావా..."

"చాల్లేరా నీ బేరం మాటలు. కట్టివ్వు."

తన కొట్టుకి తెచ్చుకుని ఎండలో తిప్పి చూశాడు. రెండు బూట్లకీ పాదం పక్కన వరసగా చిన్న చిన్న చిల్లులు. నీళ్లలో నడిచే బూటుకి చిల్లులా! దొరికాడు దొంగ, అనుకున్నాడు. వెనక్కి తీసుకెళ్లి వాడి మొహాన కొడదామనిపించింది. కానీ తమ్ముణ్ణి ఒక్క మాటంటే ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగదు. అయినా చిల్లు మూయడం తనకి ఒకరు నేర్పాలా? గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ట్యూబు ముక్కలు అతికించి, సుత్తితో నాలుగు తగిలించాడు. నీళ్లు పోసి వేలాడదీస్తే చుక్క కారలేదు.

సెలవు రోజు రానే వచ్చింది. ఏట్లో దిగాక కొత్త అడుగులు నాచు మీద భలే పట్టుకున్నాయి. ఆ ఒక్క సంగతిలో వాడు నిజమే చెప్పాడని మేస్త్రీ మనసులో ఒప్పుకున్నాడు. ఇంతలో గట్టు మీద తుప్పలు కదిలాయి. వాటి చాటున నక్కి కూర్చుని బావమరిది!

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. చిల్లుల బూట్లు అంటగట్టింది చాలక, మలుపు కూడా కాజేద్దామని వెంటపడ్డాడన్నమాట. వాడి కంటపడకుండా బండ వెనక్కి తప్పుకుందామని గబగబా నడిచాడు.

నీళ్లు పైనుంచి ఎప్పుడో బూట్లలోకి దిగి నిండిపోయాయి. ఏట్లో ఉన్నంతసేపూ ఆ సంగతి తెలియలేదు. బండ ఎక్కుదామని కాలెత్తేసరికి కాలికి బకెట్టు కట్టినట్టుంది. పాత మోకాలు మెలిక పడింది. వెల్లకిలా పడ్డాడు. లేవబోతే కాళ్లు లేవలేదు, ముక్కులోకి నీళ్లు పోయాయి. చచ్చేంత భయం వేసింది.

రెండు చేతులు చంకల కింద దూరి ఆయన్ని గట్టు మీదికి ఈడ్చాయి.

"అక్క నిన్ను కనిపెట్టుకుని ఉండమంది బావా," అన్నాడు బావమరిది రొప్పుతూ. "కనబడితే కోప్పడతావని తుప్పల్లో కూర్చున్నా."

వాడి కాళ్లకీ అవే నారింజ బూట్లు. వాటి చిల్లుల్లోంచి నీళ్లు బొళబొళా కారిపోతున్నాయి. మేస్త్రీ బూట్లు మాత్రం నిండుకుండల్లా ఉన్నాయి. వాడు వంగి ట్యూబు ముక్కల్ని తడిమి చూశాడు.

"ఇవి మూసేశావా? లోపలికొచ్చిన నీళ్లు పోవడానికే కదా ఇవి! షాపులో చెప్పబోతే నువ్వు..." అని ఆగిపోయి, ఒక అతుకుని గిల్లాడు. అది రాలేదు. "పని మాత్రం గట్టిది బావా."

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. తనకి కాపలా కూర్చున్నవాణ్ణి దొంగ అనుకున్నాడు. బూట్లు విప్పి నీళ్లు గుమ్మరించి, లేవబోతే మోకాలు కలుక్కుమంది. ఇక కుంటకుండా ఇల్లు చేరడం కల్ల.

"నా గాలం అటకెక్కినట్టేరా," అన్నాడు. "ఆ బండ దాటి ఎడమకి తిరిగితే మలుపు. చేపలన్నీ అక్కడే. ఇకమీదట నువ్వెళ్లు."

బావమరిది బండ వైపు చూశాడు. తర్వాత మేస్త్రీ మొహంలోకి పట్టి పట్టి చూశాడు.

"నిజంగా అదే మలుపా బావా? నన్ను దారి తప్పించడానికి చెబుతున్నావా?"

ఆ మాట మేస్త్రీకి మోకాలి కన్నా ఎక్కువ నొప్పి పెట్టింది.

"పద, చూపిస్తా," అని వాడి భుజం పట్టుకుని, కుంటుకుంటూ బండ వైపు నడిచాడు.