చూడవద్దన్న దీపం

నేను ఒక చిన్న దీపాన్ని. పూజగదిలో వెలిగేదాన్ని కాదు, పెళ్లిపందిరికి కట్టేదాన్నీ కాదు. సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక విశ్వవిద్యాలయంలో, మనస్తత్వశాస్త్రం వాళ్ల ప్రయోగశాలలో, ఒక చెక్కబోర్డు నడిమధ్యన నన్ను బిగించి పైన ఎర్రగాజు మూత తొడిగారు. లోకంలో దీపం పెట్టేది చూడటానికి. నన్ను మాత్రం చూడకుండా ఉండటానికి పెట్టారు.

ఈ ఏర్పాటు చేసిన ఆచార్య సోమశేఖరంగారు మహా పద్ధతి మనిషి. బోర్డుకు ఎడమన ఒక పచ్చదీపం, కుడిన ఒకటి. వాటి కింద చెరో మీట. ఏ పక్క పచ్చదీపం వెలిగితే ఆ పక్క మీట వెంటనే నొక్కాలి. మొత్తం ఎనభై సార్లు. అందులో నలభై సార్లు పచ్చదీపంతోపాటు నన్నూ వెలిగిస్తారు. నా వల్ల మనుషులు ఎన్ని తప్పులు చేస్తారో చూడటమే ఆయన పరిశోధన.

ప్రతివాళ్లనీ కూర్చోబెట్టి ఆయన ఒకే మాట చెప్పేవారు. "మధ్యలో ఎర్రలైటు వెలుగుతుందండీ. దాన్ని అసలు పట్టించుకోకండి." పందొమ్మిదేళ్లు ఈ మాట విన్నాను. ఎవరైనా మిమ్మల్ని నలుగురికీ ఇలా పరిచయం చేస్తే మీకెలా ఉంటుందో గాని, నాకు మొదట్లో ఏడుపు వచ్చేది. తర్వాత అలవాటైపోయింది.

పరీక్షకు వచ్చేది ఎక్కువగా విద్యార్థులే. నేను వెలగగానే వాళ్ల చూపు ఓ క్షణం నా మీదికి జారేది, వేలు పక్క మీట మీద పడేది. వెంటనే "ఛీ, వెధవ లైటు!" అని విసుక్కునేవారు. వద్దన్నదాన్ని చూసేది వాళ్లు, తిట్లు తినేది నేను. ఆ పచ్చదీపాలు రెండూ కొట్టు నుంచి నాతోపాటు ఒకే పెట్టెలో వచ్చినవే. మూత రంగు తప్ప మాలో తేడా ఏమీ లేదు. వాటి కోసం జనం రెప్ప వెయ్యకుండా ఎదురు చూసేవారు. నాకు కుళ్లుగా ఉండేది, దాచుకోవడం దేనికి?

సోమశేఖరంగారి దగ్గర పరిశోధనకు వకుళ అనే అమ్మాయి చేరిన ఏడు, ఊళ్లోని ఒక బస్సుడిపో వాళ్లు డ్రైవర్లను మా బోర్డు ముందుకు పంపసాగారు. ఎనభైలో పది తప్పులు దాటితే ఆ మనిషికి ఇక బస్సు ఇవ్వరు. అలా వచ్చినవాడే రొంగలి పైడిరాజు. బస్సు ఒక తోపుడుబండిని రాసుకుపోయిందని అతని మీద ఫిర్యాదు.

"ఇరవయ్యారేళ్లు తోలినానమ్మా. ఇది తప్పితే గేరేజీలో బస్సులు కడగమంటారు. నాను కడగలేను," అన్నాడతను వకుళతో.

పరీక్ష మొదలైంది. పచ్చదీపం ఒక్కటే వెలిగినప్పుడు ఒక్క తప్పూ లేదు. నేను వెలిగాను. అతను నావైపు చూశాడు. దొంగచూపు కాదు, నిండుగా, గౌరవంగా చూశాడు. మీట మీద చెయ్యి ఆగిపోయింది. బల్ల కింద చెప్పు టప్పుమని నేలకు తగిలింది. మళ్లీ వెలిగాను, మళ్లీ ఆగాడు. నలభైకి నలభై సార్లు! పందొమ్మిదేళ్లలో నా మాట విన్న మొదటి మనిషి. నేను సంతోషంతో పొంగిపోతూనే ఉన్నాను, వకుళ కాగితం మీద నలభై తప్పులు పడుతూనే ఉన్నాయి.

"ఏటి సేస్తానమ్మా, అది ఎలిగితే కాలు దానంతటదే ఎల్లిపోతాది," అంటూ అతను తల దించుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ సంతోషం ఎవరి అన్నం మీద పడిందో. సిగ్గుతో చచ్చిపోయాను.

సోమశేఖరంగారు కాగితం చూసి పెదవి విరిచారు. "పట్టించుకోవద్దని ముందే చెప్పాం కదమ్మా."

వకుళ వంగి బల్ల కింద చూసింది. పైడిరాజు కుడికాలు ఇంకా నేలను తొక్కిపట్టే ఉంది. "సర్, అది బ్రేకండీ," అంది. "ఎర్రలైటు చూసి ఆగేవాణ్ణి ఇంటికి పంపి, ఆగకుండా పోయేవాణ్ణి మనం పాస్ చేస్తున్నామండీ."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంతమంది డ్రైవర్లను కూర్చోబెట్టినా ఆయనకు తట్టని సంగతి అది. చివరికి, "మూత మార్చమ్మా," అన్నారు.

ఎర్రమూత ఊడదీసి నీలంది బిగించారు. వారం తిరక్కుండా పైడిరాజు మళ్లీ వచ్చాడు. నేను నలభై సార్లు వెలిగాను. నావైపు ఒక్కసారి చూడు నాయనా అని లోపల కొట్టుకుంటూనే, చూడకు, చూడకు అని మొక్కుకున్నాను. అతను చూడలేదు. ఎనభైలో రెండే తప్పులు.

బస్సు చేతికి వచ్చాక మాడుగుల హల్వా పొట్లంతో వచ్చి వకుళకు దండం పెట్టాడు. బోర్డు వంక చూసి నిమ్మళంగా నవ్వాడు.

"ఆ ఎర్రలైటు పీకేసినారు గదమ్మా, మంచి పని సేసినారు. నా కొంప ముంచీసీదే."

వకుళ నన్ను చూపించబోయి, ఎందుకో చెయ్యి దించేసింది. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఒక్కసారి వెలిగి అతన్ని పిలవాలనిపించింది. కాని స్విచ్చి వేసేవాళ్లు లేకుండా నేను వెలగలేను.