పోలినాయుడు మాస్టారి నవ్వుల మూల

నేను ఒక నల్లబల్లను. పుట్టింది పార్వతీపురంలో ఒక వడ్రంగి కొట్టులో, తొలి కొలువు ఒక టిఫిన్ హోటల్లో. అక్కడ నా మీద ‘నేటి స్పెషల్: ఇడ్లీ’ అని ఏడాది పొడుగునా ఒకటే రాత. హోటలు మూతపడ్డాక పోలినాయుడు మాస్టారు నన్ను రిక్షాలో వేసుకుని తన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకు తెచ్చుకున్నారు.

మాస్టారికి గ్రామరంటే ప్రాణం, నవ్వించడమంటే ఇంకా ప్రాణం. “మా ఇంట్లో నాను పాసివ్ వాయిసమ్మా. కాఫీ ఇయ్యబడతాది, నాను తిట్టబడతాను” అనేవారు. క్లాసు గొల్లుమనేది. నా కుడి మూలలో ఒక గడి గీసి, దానికి నవ్వుల మూల అని పేరు పెట్టారు. ఎవరు తప్పు చెప్పినా అందులో రాసి, సాయంత్రం దాకా చెరపనిచ్చేవారు కారు. నవ్వుతూ నేర్చుకున్నది మరిచిపోరని ఆయన నమ్మకం. మనుషులు తమ తప్పులను ఎంత త్వరగా మరిచిపోతారో, ఎదుటివాళ్ళవి ఎంత భద్రంగా దాచుకుంటారో నాకక్కడే తెలిసింది.

ఒకరోజు సవర సిన్నమ్మి లేచింది. కొండ మీది ఊరి నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పిల్ల. ఇంట్లో సవర భాష, బడిలో తెలుగు, ఇంగ్లీషు మూడోది. నర్సింగు సీటుకు ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనే అంటే భయపడి ఇక్కడ చేరింది. ‘అమ్మ అన్నం వండుతుంది’ అన్న మాటను పాసివ్‌లోకి మార్చమన్నారు మాస్టారు.

“మదర్ ఈజ్ కుక్డ్ బై రైస్” అంది.

“అన్నమే అమ్మని వండీసిందర్రా!” అంటూ మాస్టారు నా మూలలో రాశారు. అందరూ పగలబడి నవ్వారు. సిన్నమ్మి నవ్వలేదు. మర్నాటి నుంచి క్లాసుకు రాలేదు.

“ఆల్లమ్మని ఎటకారం చేసినారని ఏడుస్తంది సార్” అని హాస్టల్ పిల్ల ఒకతె చెప్పింది. మాస్టారి ముఖం మాడిపోయింది. నాకు ఆయన మీద కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

ఆయనే హాస్టల్‌కి వెళ్ళి, బతిమాలి తీసుకొచ్చారు. సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. “ఇయ్యాల నాను మీ సవరలో మాటాడతాను. మా అమ్మ అన్నం వండింది అంటాను. తప్పయితే మూలలో నువ్వే రాయాల” అని, గొంతు సవరించుకుని వచ్చీరాని సవరలో ఏదో అన్నారు.

సిన్నమ్మి కళ్ళు పెద్దవి చేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఏటన్నానమ్మా?”

“సెప్పకూడదు సార్!” అంటూ నవ్వు ఆపుకోలేక నా మీదే వాలిపోయింది. ఆయన అన్నది అన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసింది. సరిగ్గా పలికేదాకా ఆయన్ని కూర్చోనివ్వలేదు. మాస్టారికి చెమటలు పట్టాయి.

ఆ తర్వాత ఆమె క్లాసు మానలేదు. ఇంటర్వ్యూ అయిన రోజు బస్సు దిగి నేరుగా ఇక్కడికే వచ్చింది.

“తప్పులు పలికీసినాను సార్. ఆల్లు నవ్వినారు. నానూ నవ్వీసి మల్లీ సెప్పినాను. సీటు ఇచ్చీసినారు!”

మాస్టారు జోకు వేస్తారని క్లాసంతా ఎదురుచూసింది. ఆయన సుద్దముక్క తీసుకుని నా వైపు తిరిగారు. ఏమీ రాయకుండా అలాగే నిలబడ్డారు. ఆయన కళ్ళు తుడుచుకోవడం ఆ క్లాసులో నాకొక్కదానికే కనిపించింది.