మూడో తరగతి ఊరు

హార్లోగ్రోవ్‌ని ప్రభుత్వం మూడో తరగతిలో వేస్తోందట. మంగలి గుస్ పెళ్ళాం పక్కింటి హుల్డాతో అందట, హుల్డా చర్చి మెట్ల మీద అందరి చెవినా వేసిందట. సాయంత్రానికల్లా ఊరు ఊరంతా మూతి ముడుచుకుంది.

అసలు సంగతి తెలిసినవాడు బ్యాంకు గుమాస్తా ఎమిల్ టోర్న్‌క్విస్ట్. మంగళవారం ఎన్నికల్లో ఇలినాయ్ రాష్ట్ర జనం ఇంకో చిన్న చీటీ మీద కూడా ఓటు వేయాలి. ఊళ్ళని జనాభా లెక్కన మూడు తరగతులు చేసి, ఏ తరగతి ఊళ్ళో బ్యాంకుకి ఎంత మూలధనం ఉండాలో తేల్చే చట్టం అది. నెగ్గితే చిన్న ఊరి బ్యాంకుకి పాతికవేల డాలర్లు చాలు. ఓడితే, ఇప్పటికే ఉన్న చట్టం ప్రకారం జనవరి నుంచి ఊరేదైనా యాభైవేలు ఉండాల్సిందే. ఎమిల్ బ్యాంకు దగ్గర ముప్పైవేలు కూడా కష్టం. బ్యాంకు తలుపుతో పాటే అతని కొలువుకీ తాళం పడుతుంది. ఇంట్లో పెళ్ళాం కూడా, "మూడో తరగతి ఊరి నుంచి మా అక్కకి ఉత్తరం ఏ మొహం పెట్టుకుని రాయను?" అని దీర్ఘం తీసింది.

శనివారం ఎమిల్ గుస్ కొట్టుకి వెళ్ళాడు. కుర్చీలో మేయరు కెంప్, మొహం నిండా సబ్బు నురగ. ఊరి పొలిమేర బోర్డు మీద జనాభా రెండువేల వంద అని రాయించింది ఈయనే. ఆ వందా మొక్కజొన్న కోతలకి వచ్చిపోయే కూలీలు.

"మూడో తరగతంటే తక్కువని కాదు మేయరుగారూ. చిన్న ఊరని. మనకే లాభం," అన్నాడు ఎమిల్, టోపీ నలుపుతూ.

"లాభం నీకయ్యా. పియోరియా పట్నంలో మా బావమరిది మొదటి తరగతి, నేను మూడోదీనా?"

"ఒకటో తరగతి కావాలని ఓటేసే వీలుందా?" అడిగాడు గుస్.

"లేదు."

"మరిదేం ఎన్నికయ్యా?"

"బ్యాంకు పోతే డబ్బు ఎక్కడ దాస్తారు?"

"పరుపు కింద. పరుపులకి తరగతుల్లేవు," అన్నాడు మేయరు. కొట్టంతా నవ్వింది. ఎమిల్ నవ్వలేకపోయాడు.

అప్పుడే గుస్‌కి గుడ్లు ఇవ్వడానికి ముసలి బ్రాంటమ్మ గుమ్మంలోకి వచ్చింది. బ్యాంకు తెరిచిననాటి నుంచీ ఖాతా ఉన్న మనిషి. మేయరుకి కొత్త హుషారొచ్చింది.

"మీరే చెప్పండమ్మా, మూడో తరగతి ఊళ్ళో మీరుంటారా?"

బ్రాంటమ్మ గుడ్ల బుట్ట బల్ల మీద పెట్టింది.

"యాభై ఏళ్ళ నుంచీ ఉంటున్నది అందులోనేగా. ఓటేసి బ్యాంకునైనా మిగుల్చుకోండి."