ఎవరి కోసం ఈ ఒక్కపొద్దు

రాత్రి డ్యూటీలో పేరయ్య బాబాయ్ షుగరు మాత్ర వేసుకుని క్యారేజీ మూత తీశాడు. అంతలో ఫోను మోగింది, నల్లపాడు దగ్గర ప్రమాదమని. మూత పెట్టేసి అంబులెన్సు తోలాడు. రోగిని ఆసుపత్రిలో దించాక చెమటలు పట్టి బండి మెట్టు మీదే కూలబడ్డాడు. బండిలో వైద్యం చూసే అనీసా పంచదార నీళ్ళు తాగించింది. ప్రాణం నిలిచింది, ఉద్యోగం పోయింది. తాగి పడ్డాడని సూపర్‌వైజరు త్రినాథ్ చెప్పాడు. కాంట్రాక్టరు ప్రేమ్‌చంద్ గారు నమ్మారు. నమ్మితే ఖర్చు లేదు కదా.

డ్రైవరంటే చిన్నతనమని మమ్మల్ని పైలట్లన్నది ఆయనే. పైలట్లకు అన్నం మాత్రం అక్కర్లేదు.

ఆ వారమే గుంటూరులో మాకు షుగరు అవగాహన సభ పెట్టారాయన. కొర్రల ఉప్మా గిన్నె పట్టుకుని ఫోటో దిగారు.

"వేళకు తినాలి. నిదానంగా నమలాలి."

"వేళ ఎప్పుడిస్తారండీ?" పగటి డ్యూటీ కోటేష్ అడిగాడు.

"ఒక పూట తినకపోతే ఏమయ్యా? ఒక్కపొద్దు అనుకోండి. పుణ్యం కూడాను."

శనివారం నేనూ ఒక్కపొద్దుంటాను, వెంకన్న కోసం. మాత్ర మింగినవాణ్ణి పస్తుండమని ఆ స్వామి అడగడే. ఈయన అంతకంటే పెద్ద దేవుడా?

అనీసా లేచింది. "మేమూ రోజా ఉంటాం సార్. పొద్దుగూకితే విడుస్తాం. మీరు పెట్టిన ఉపవాసం విడిచే వేళ చెప్పండి."

హాలంతా నవ్వింది.

"అరగంట తిండికివ్వండి. పేరయ్యను మళ్ళీ పనిలోకి తీసుకోండి," అన్నాం అందరం.

"తాగుబోతుకి వత్తాసా? డ్యూటీలో తిన్నవాడు ఇంటికే," అని ఆయన కారెక్కారు. ఉప్మా గిన్నె బల్ల మీదే ఉంది, ముట్టకుండా.

"బండ్లాపేద్దాం," అన్నారు కొందరు బయట.

"రోడ్డు మీద పడ్డోడు ఏం చేశాడ్రా మిమ్మల్ని?" అన్నాడు మా కోసం బయట నిలబడ్డ పేరయ్య.

కోటేష్ ఆలోచించాడు. "ఆపొద్దు. తిండి వేళకి పగటోళ్ళమొచ్చి బండెక్కుతాం. మీరు తినండి."

ఆ రాత్రే భోజనాల వేళ ఆసుపత్రి గేటు ముందు రాత్రి డ్యూటీ వాళ్ళం క్యారేజీలు తెరిచి వరసగా కూర్చున్నాం, నడుమ పేరయ్య. ఫోను మోగింది. కోటేష్ బండి తీశాడు. మేం లేవలేదు.

త్రినాథ్ ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు. "ఒక్కొక్కడి ఉద్యోగం పోద్ది."

"చీకట్లో మొహాలు రావు సార్," అంది అనీసా. "దగ్గరికొచ్చి తియ్యండి."

పేరయ్య బాబాయ్ అటు చూడనైనా లేదు. ఇంకో జొన్నరొట్టె అడిగాడు.